ఒక్క సెన్సరు మాట మీద బల్బు వెలిగించకండి

పోయిన నెల భీమవరంలో ఆక్వా సామాన్లు అమ్మే ఒక షాపులో నిలబడి ఉండగా ఒక మాట చెవిన పడింది. ఎవరో కుర్రాడు చెరువు నీటి వేడి చూడ్డానికి సొంతంగా మీటరు కట్టుకుని తెచ్చి, అక్కడున్న పెద్దాయనకి చూపిస్తున్నాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వంద రూపాయల సెన్సరుతో కొలిచేదేముంటుంది బాబూ, ఇది ఆటబొమ్మ. లక్షల పంట దగ్గర దీన్ని పెట్టుకుంటే ఎలా?" అన్నారు. కుర్రాడు ఏమీ అనకుండా మీటరు సంచిలో పెట్టేసుకుని వెళ్ళిపోయాడు.

నేనూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చేదాకా బస్సులో అదే ఆలోచన. ఆయన అన్నది పూర్తిగా తప్పని కొట్టెయ్యలేను. ఆ సెన్సర్లతోనే ఒకసారి ఇంట్లో నష్టం చేసినవాణ్ణి. కానీ ఆయన వేలు పెట్టిన చోటు మాత్రం సరైంది కాదు. లోపం సెన్సరు ధరలో లేదు. ఒక్క సెన్సరు పెట్టి, దాన్ని దేనితోనూ సరిచూడకుండా, అది చూపించిన అంకె మీద హీటరునో మోటారునో నడిపించడంలో ఉంది. ఆ పని ఐదువేల రూపాయల సెన్సరుతో చేసినా ప్రమాదమే. వంద రూపాయలవి మూడు కొనుక్కుని, వాటి కోసం ఒక సాయంత్రం కేటాయిస్తే, మన ఇళ్ళలో చేసుకునే చాలా పనులకి అవి సరిపోతాయి.

పదిహేడో రోజు

మా ఊరు నరసాపురం వైపు. మా పిన్ని నాటుకోళ్ళు పెంచుతుంది. ఆ ఏడు పొదుగుకి కూర్చునే పెట్టలు తక్కువయ్యాయి, గుడ్లేమో బాగా వచ్చాయి. "నువ్వు కరెంటు పన్లు చేస్తావు కదరా, ఏదన్నా చెయ్యి" అంది. థర్మాకోల్ పెట్టె, నలభై వాట్ల బల్బు, పాత కంప్యూటరులోంచి తీసిన ఫ్యాను, బల్బుని వేసి ఆపే స్విచ్చిగా ఒక రిలే, ప్రోగ్రాం నడిపే ఒక చిన్న ఈఎస్‌పీ8266 వైఫై బోర్డు, ఉష్ణోగ్రత కొలిచే ఒక డీఎస్18బీ20 సెన్సరు. రెండు రోజుల్లో తయారైంది. ముప్పై గుడ్లు పెట్టాం.

కోడిగుడ్డుకి 21 రోజులు. ఫ్యాను తిరిగే పెట్టెలో 37.5 డిగ్రీలు ఉండాలి. ఒక డిగ్రీ తేడా రోజుల తరబడి ఉంటే పిల్ల ముందో వెనకో వస్తుంది, లేదా రాదు. నేను రాసిన ప్రోగ్రాం చాలా చిన్నది: 37.3 కంటే తగ్గితే బల్బు వెలిగించు, 37.7 దాటితే ఆపు. పది రోజుల తర్వాత చీకటి గదిలో గుడ్డు వెనక టార్చి పెట్టి చూస్తే ఎర్రటి నరాలు కనపడ్డాయి. పిన్ని ఒక్కో గుడ్డునీ రెండు చేతులతో పట్టుకుని చూసింది.

పదిహేడో రోజు పొద్దున్న గుడ్లు తిప్పుతుంటే చెయ్యి తగిలి సెన్సరు డేటా వైరు కనెక్టరు నుంచి కొంచెం ఊడింది. అది నాకు తెలియలేదు. ఈ సెన్సరుని చదవడానికి మనమందరం వాడే రెడీమేడ్ కోడు (లైబ్రరీ), సెన్సరు జవాబివ్వనప్పుడు -127 అనే అంకె ఇస్తుంది. సెన్సరు దొరకలేదని దానర్థం. నా ప్రోగ్రాం దాన్ని ఉష్ణోగ్రత అనుకుంది. -127 అంటే 37.3 కంటే తక్కువే కదా, బల్బు వెలిగించింది. వెలిగిస్తూనే ఉంది. మధ్యాహ్నం పిన్ని పెట్టె మూత తీస్తే ముఖానికి వేడి కొట్టింది. ఇంట్లో జ్వరం థర్మామీటరు లోపల పెడితే కొలత దాటిపోయి హెచ్ అని చూపించింది.

ఒక్క పిల్ల కూడా రాలేదు. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. గుడ్లన్నీ తట్టలో పెట్టుకుని పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చింది. నేను గొయ్యి తీస్తానంటే వద్దంది.

ఇప్పుడు చెప్పండి, అక్కడ ఖరీదైన సెన్సరు ఉంటే ఆ గుడ్లు బతికేవా? దాని వైరూ ఊడుతుంది. ఊడినప్పుడు ఏం చెయ్యాలో ప్రోగ్రాంకి నేను చెప్పలేదు. ఈ సెన్సరు తన వంతుగా చెప్పాల్సింది చెప్పింది. ప్రతి కొలతతో పాటు అది సరిచూసుకునే కోడు ఒకటి పంపుతుంది, వైరు మీద గోల ఉంటే తెలిసిపోతుంది. అసలు జవాబే రాకపోతే అదీ తెలుస్తుంది. ఆ రెండింటినీ చదవకుండా వదిలేసింది నేను.

ఇంకో అంకె ఉంది, 85. ఈ సెన్సరుకి కరెంటు తగలగానే లోపల మొదట ఉండే విలువ 85 డిగ్రీలు. అన్నిటికంటే సన్నటి, అంటే పన్నెండు బిట్ల కొలతకి దానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంతకుముందే అడిగితే 85 అంటుంది. మన ఊళ్ళలో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో తెలుసుగా. రెండోసారి పెట్టె కట్టినప్పుడు, అర్ధరాత్రి కరెంటు వచ్చిన మరుక్షణం బజరు మోగి ఇల్లంతా లేచింది. పెట్టెలో 36 ఉంటే ప్రోగ్రాం 85 అనుకుంది. -127 లాగా దీన్ని గుడ్డిగా తోసిపుచ్చడానికి కూడా లేదు, ఎందుకంటే 85 నిజంగా రాగల ఉష్ణోగ్రతే. కాబట్టి ముందు కొలతతో పోల్చాలి. పది సెకన్ల కింద 36 ఉన్న పెట్టె ఇప్పుడు 85 అవ్వదు.

ఇప్పుడు నా పెట్టెలో అర్థంలేని అంకె వరసగా మూడుసార్లు వస్తే బల్బు ఆగిపోతుంది, బజరు మోగుతుంది. బల్బు ఆపితే గుడ్లు చల్లబడవా అని ఒక స్నేహితుడు అడిగాడు. చల్లబడతాయి. కానీ పెట్ట కూడా రోజూ మేతకి లేచి వెళ్తుంది. గుడ్లు కాసేపటి చలికి తట్టుకుంటాయి, వేడికి తట్టుకోవు.

అరచెయ్యి లోతు, నడుము లోతు

మా అక్క మొగుడు, బావగారు, వనామీ రొయ్యలు వేస్తారు. గుడ్ల కథ ఆయనకీ తెలుసు. అయినా చెరువులో ఒకటి పెట్టమని ఆయనే అడిగారు. గట్టు నుంచి వేసిన వెదురు బొంగుకి ఒక ప్రోబు, అంటే స్టీలు గొట్టంలో మూసిన అదే సెన్సరు, కట్టాను, అరచెయ్యి లోతులో. ఏప్రిల్ మధ్యాహ్నం 34 చూపించింది. బావగారు కంగారుపడ్డారు. వనామీకి 28 నుంచి 32 దాకా హాయి. 34 అంటే మేత తగ్గించాలా, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఏమవుతుందో అని టెన్షన్. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుందన్నది రొయ్యల రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

చెరువు చూసే పాలేరు మాత్రం నీళ్ళలోకి దిగి, "పైన కాలుతోందండి, అడుగున పాదాలకి చల్లగానే ఉందండి ఆయ్" అన్నాడు.

మర్నాడు అదే తీగ మీద మూడు ప్రోబులు కట్టాను. ఈ సెన్సరులో నాకు అన్నిటికంటే ఇష్టమైన గుణం ఇదే. ప్రతిదానికీ పుట్టుకతో 64 బిట్ల నంబరు ఉంటుంది, అందుకే ఎన్ని కట్టినా ఒకే డేటా వైరు చాలు, పేరు పెట్టి పిలిచినట్టు ఒక్కోదాన్నీ విడిగా అడగొచ్చు. ముప్పై మీటర్ల వైరు లాగేసరికి మొదట్లో సగం కొలతలు పాడై వచ్చాయి. డేటా వైరుకీ పవర్ వైరుకీ మధ్య అందరూ పెట్టే 4.7 కిలో ఓంల రెసిస్టరు తీసి 2.2 పెట్టాక సర్దుకుంది. మధ్యాహ్నం రెండింటికి, నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆపి ఉన్నప్పుడు, పైన 34.1, నడుమ 32, అడుగున 30.4. ఏరేటర్లు వేసిన గంటకి మూడూ దగ్గరికొచ్చాయి.

నా వాదనకి ఇంతకంటే బలమైన సాక్ష్యం నా దగ్గర లేదు. సెన్సరు తయారీదారు ఒప్పుకున్న తప్పు, -10 నుంచి 85 డిగ్రీల మధ్య, అటూ ఇటూ అర డిగ్రీ. దాన్ని ఎక్కడ వేలాడదీశామన్న దానివల్ల వచ్చిన తేడా దాదాపు నాలుగు డిగ్రీలు. అరచెయ్యి లోతులో ఎంత గొప్ప సెన్సరు పెట్టినా 34 అనే చెబుతుంది, అదీ నిజమే చెబుతుంది. రొయ్యలుండేది అడుగున.

ఇంట్లో కూడా ఇదే జరుగుతుంది. గది ఉష్ణోగ్రత చూపించడానికి సెన్సరునీ వైఫై బోర్డునీ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో మూసి పెడతారు. బోర్డు వేడెక్కి, ఆ వేడి సెన్సరుకి తగిలి, గదికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. వెంటనే సెన్సరు చెత్తదని తీర్పు. దాన్ని జానెడు వైరు మీద డబ్బా బయటికి తీస్తే చాలు.

పాలేరు పాదాల మాట కూడా ఒకటి చెప్పాలి. అనుభవం ఉన్న మనిషికి ఈ అంకెలెందుకు అని అడిగేవాళ్ళున్నారు. ఆ మాటకి నాకు గౌరవం ఉంది. ఆ రోజు నా మీటరు కంటే ముందు నిజం చెప్పింది ఆయన పాదమే. కానీ తెల్లవారుజామున మూడింటికి ఆయన చెరువులో ఉండడు. పోయిన వారం ఇదే వేళకి ఎంత ఉందో పాదం రాసి పెట్టుకోదు. ఆ రెండు పనులకే నాకు తీగ కావాలి.

ఐసు పెట్టెలో ఒక సాయంత్రం

సెన్సర్లు మూడు కొంటే మూడూ ఒకే విడత తయారీలోంచి వచ్చినవైతే? మూడూ ఒకే వైపుకి తప్పు చూపిస్తే? ఈ అనుమానం నన్ను చాన్నాళ్ళు వేధించింది. పైగా ఈ సెన్సరుకి నకిలీలు విపరీతం. దీన్ని పుట్టించిన డల్లాస్ సెమీకండక్టర్‌ను 2001లో మాక్సిమ్, మాక్సిమ్‌ను 2021లో అనలాగ్ డివైసెస్ కొన్నాయి. మన చేతికొచ్చే వాటిల్లో చాలా వరకు ఆ ఇంట్లో పుట్టినవి కావు, పైన అచ్చు మాత్రం అదే ఉంటుంది. కొన్ని నకిలీలు పవర్ వైరు లేకుండా రెండు వైర్ల మీద అసలు పనిచేయవు. అందుకే నేను మూడు వైర్లూ కలుపుతాను.

కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చుకుంటే సరిపోదు, బయటి సాక్షి కావాలి. కరిగే మంచు 0 డిగ్రీలు. ఇది ఎవరి కంపెనీ ముద్రా అక్కర్లేని కొలత. మన దగ్గర ఐసుకి కొదవా? పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, చెరువు గట్టు మీదే పొడి చేసిన ఐసు గుట్టలుగా ఉంటుంది. బావగారి చెరువు దగ్గర రొయ్యలు తీసేసిన పెట్టెలోంచి ఒక బకెట్టు ఐసు తెచ్చి మూడు ప్రోబులూ గుచ్చాను. -0.38, -0.75, -0.19. మూడూ సున్నా కిందే. మూడూ పాడైనవే కొన్నాననుకుని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

పొద్దున్నే తట్టింది. ఆ పెట్టెలో రొయ్యల్ని ముంచింది చెరువు నీళ్ళతో కలిపిన ఐసులో. ఉప్పు కలిస్తే మంచు కరిగే వేడి కిందికి దిగిపోతుంది. సముద్రపు నీరు గడ్డకట్టేది సుమారు -1.9 దగ్గర. మా చెరువు నీళ్ళు అంత ఉప్పు కాకపోయినా అర డిగ్రీ లాగడానికి చాలు. ఫ్రిజ్‌లో తాగే క్యాను నీళ్ళతో ఐసు పెట్టి, గుడ్డలో వేసి రోకలితో దంచి, స్టీలు గ్లాసు నిండా నొక్కి, సందులు నిండేంత మాత్రం చల్లనీళ్ళు పోసి, ప్రోబులు గ్లాసు అడుగుకీ అంచుకీ తగలకుండా గుచ్చి, పావుగంట కలుపుతూ కూర్చున్నాను. 0.06, -0.31, 0.25.

ఈ మూడు అంకెల్నీ ఒకసారి జాగ్రత్తగా చూడండి. రెండోదానికీ మూడోదానికీ మధ్య అర డిగ్రీకి పైగా తేడా ఉంది. అయినా మూడూ కాగితం మీద ఇచ్చిన మాట తప్పలేదు. మూడూ సున్నాకి అర డిగ్రీ లోపే ఉన్నాయి. సెన్సరు 0.0625 డిగ్రీల మెట్లలో, అంటే డిగ్రీలో పదహారో వంతులో అంకె చెబుతుంది, కాబట్టి 37.4375 అని తెర మీద వెయ్యొచ్చు. వేస్తే చూసేవాళ్ళు నాలుగు దశాంశాల దాకా నిజమనుకుంటారు. సన్నటి మెట్లున్నంత మాత్రాన కొలత సరైనదైపోదు. నేను ఇప్పుడు తెర మీద ఒక్క దశాంశమే చూపిస్తాను.

సున్నా దగ్గర సరిపోతే 37.5 దగ్గరా అంతే ఉంటుందా? ఉండాలని లేదు. మరుగుతున్న నీళ్ళతో రెండో పరీక్ష చెయ్యమని చాలామంది చెబుతారు. సముద్రమట్టానికి ఇంత దగ్గరలో ఉన్నాం కాబట్టి మన నీళ్ళు ఇంచుమించు వందకే మరుగుతాయి, వానాకాలంలో గాలి పీడనం తగ్గినప్పుడు అందులో ఏ అర డిగ్రీయో తక్కువ. కానీ 85 పైన ఈ సెన్సరు ఆ అర డిగ్రీ హామీ ఇవ్వదు. గుడ్ల పెట్టె కోసం వంద దగ్గర పరీక్షించి లాభం లేదు.

నాకు పనికొచ్చింది పిన్ని అలమరలో ఉన్న జ్వరం థర్మామీటరే. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్లు ఆ కొద్దిపాటి పరిధిలో సాధారణంగా 0.1 డిగ్రీ దాకా సరిగ్గా చూపిస్తాయి. గుడ్డుకి కావాల్సిన 37.5 అంటే ఫారన్‌హీట్‌లో సరిగ్గా 99.5. టీ ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు పోసి, థర్మామీటరు ముక్కునీ మూడు ప్రోబుల్నీ రబ్బరు బ్యాండుతో ఒక కట్టగా కట్టి ముంచాం. అది ఎక్కిన గరిష్ఠాన్నే పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి ప్రతిసారీ ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. చల్లనీళ్ళు చెంచాడు చెంచాడు పోస్తూ పోస్తూ, "తొంభై తొమ్మిదిన్నర. అంటే మనిషికి ఒళ్ళు వెచ్చబడిందనే లెక్కే కదరా" అంది పిన్ని. అప్పుడు ప్రోబులు 37.56, 37.25, 37.69. ఐసులో ఉన్న తేడాలే ఇంచుమించు ఇక్కడా ఉన్నాయి. ఆ తేడాల్ని ప్రోగ్రాంలో తీసేశాను. ప్రోబుల మీద గోళ్ళరంగుతో ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు పెట్టాను.

ఏ సెన్సరైనా దేనికైనా సరిపోతుందని మాత్రం అనుకోవద్దు. ఇలాంటి గుడ్లు పొదిగే పెట్టెలు (ఇంక్యుబేటర్లు) చాలావాటిల్లో డీహెచ్‌టీ11 అనే సెన్సరు పెడతారు, తేమ కూడా చెబుతుందని. దాని తప్పు అటూ ఇటూ రెండు డిగ్రీలు. అంటే 37 అని చూపిస్తే 35 నుంచి 39 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. తేమ ఎక్కువో తక్కువో తెలుసుకోవడానికి పెట్టుకోండి, బల్బు తాళం మాత్రం దాని చేతికివ్వొద్దు.

షాపులో పెద్దాయన మాట

ఆయన వైపు నుంచి కూడా ఆలోచించాను. ఆయన భయం అబద్ధం కాదు. వాటర్‌ప్రూఫ్ అని అమ్మే ఈ స్టీలు ప్రోబుల్లో ఒకటి, చెరువు అడుగున ఉన్నది, నాలుగో నెలలో పిచ్చి అంకెలు చూపించడం మొదలుపెట్టింది. బయటికి తీసి కోశాను. వైరు లోపలికి వెళ్ళే చోట జిగురు వదిలేసింది, లోపల రాగికి పచ్చటి చిలుం పట్టింది. ఉప్పునీటికి ఆ జిగురు ఆగలేదు. మంచి పారిశ్రామిక ప్రోబుకి పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ఆ సీలుకే పోతుందని అప్పుడర్థమైంది. హేచరీ, అంటే రొయ్య పిల్లల్ని పుట్టించే కేంద్రం, నడిపేవాళ్ళు దాన్నే కొనుక్కోవాలి. నా మాట విని ఎవరూ వంద రూపాయల ప్రోబు మీద హేచరీ నడపొద్దు.

బావగారి ఏరేటర్లకి రిలే కట్టమని అక్క కొడుకు ఎన్నిసార్లు అడిగినా నేను కట్టలేదు. చెరువులోకి వెళ్ళేది ఐదు వోల్టుల వైరు మాత్రమే. అంకె బావగారి ఫోనుకి వెళ్తుంది, ఏరేటరు స్విచ్చి మనిషి వేస్తాడు. గుడ్ల పెట్టెలో తప్పు జరిగితే పోయేది ముప్పై గుడ్లు. దానికే పిన్ని ముఖం వారం రోజులు చూడలేకపోయాను. చెరువులో పోయేది ఏడాది అప్పు.

అయినా ఆ కుర్రాడి మీటరుని ఆటబొమ్మ అనడం నాకు ఇష్టం లేదు. ఆ ప్రోబు పాడైందని నాకు తెలిసింది పక్కన ఇంకో రెండు ఉండబట్టే. నడుమది 31, పైది 32 చెబుతుంటే అడుగుది 19 అంది. ఒక్కటే ఉండి, అదీ నెమ్మదిగా డిగ్రీ డిగ్రీ తప్పుకుంటూ పోయి ఉంటే, ఎంత ఖరీదైనదైనా నమ్ముతూనే ఉండేవాళ్ళం. ఆ కుర్రాడు మళ్ళీ కనపడితే రెండు ప్రశ్నలు అడగాలని ఉంది: వైరు ఊడితే నీ మీటరు ఏం చూపిస్తుంది? ఐసులో పెట్టి చూశావా?

చిలుం పట్టిన ప్రోబు చూపించినప్పుడు బావగారు దాన్ని కాసేపు వేళ్ళ మధ్య తిప్పారు. "ఇంకోటి కట్టు. ఈసారి వైరు దగ్గర ఎపాక్సీ పొయ్యి," అన్నారు. పోశాను. నిన్న రాత్రే కట్టాను. ఐసులో 0.19 చూపించింది, నాలుగు చుక్కలు పెట్టాను.